ముక్కల మినీబస్సు

"పిన్నీ, తలుపు సరిగ్గా వెయ్యి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నాడు గ్రోవర్, వెనక్కి తిరక్కుండా.

బాసిలియా సరిగ్గానే వేసింది. ఆ జారుడు తలుపు చివర్లో ఎప్పుడూ బిగుసుకుంటుంది. బండిని ఇన్నేళ్ళు నడిపిన ఆమె మొగుడు నికనోర్‌కి ఆ సంగతి తెలుసు. కొత్తగా స్టీరింగు పట్టిన గ్రోవర్‌కి తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. ఆవిడ తలుపు ఇంకోసారి లాగి, మడత సీటు మీద కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టింది. "సేహా, సేహా, పేరెస్. సేహా, పేరెస్." గొంతు సగంలోనే గీరుకుపోయింది.

కొండమీది ఊరు ఎల్ ఆల్తోలో రియో సేకో దగ్గర బయల్దేరి, సేహా కూడలి మీదుగా దిగువన లాపాస్‌లో పేరెస్ దాకా పోయే మినీబస్సు అది. తెల్ల బండి, నడుం చుట్టూ నీలం చార. దానికి బాసిలియా క్లీనరు. తలుపు తియ్యాలి, వెయ్యాలి, దారి పొడుగునా స్టాపుల పేర్లు అరవాలి. నికనోర్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక వాళ్ళన్నయ్య కొడుకు గ్రోవర్ బండి తీస్తున్నాడు. క్లీనరు మాత్రం మారలేదు.

"ఆపమను తల్లీ, దిగాలి," అంది మూట పట్టుకున్న ముసలమ్మ.

"గ్రోవర్, దిగుతారు."

గ్రోవర్ పాట సౌండు తగ్గించలేదు. బండి ఇంకో రెండు సందులు దాటి వెళ్ళాక ఎర్ర లైటు దగ్గర ఆగింది. ముసలమ్మ దిగుతూ బాసిలియాని తిట్టిపోసింది. వానలో అంత దూరం వెనక్కి నడవాలి మరి, తిట్టకుండా ఎందుకుంటుంది.

"మా క్లీనరుకి గొంతు పోయిందండీ," అన్నాడు గ్రోవర్ ముందుసీటాయనతో, నవ్వుతూ. "నాకే వినపడదు, ఇంక రోడ్డుమీద జనానికేం వినపడుతుంది."

"బండి నీ సొంతమేనా తమ్ముడూ?"

"సొంతమే."

బాసిలియా విన్నది. బొజ్జసంచిలో చిల్లర కింద ఆవిడ లైసెన్సు ఉంది, బస్సులు నడిపే లైసెన్సు. "అవసరానికి ఉంటుందిలే, తీసుకో," అని నికనోరే పోయినేడు పంపించాడు. అవసరం వచ్చింది. వచ్చిన మర్నాడే తాళాలు గ్రోవర్ చేతికి వెళ్ళాయి. ఆవిడని ఎవరూ కాదనలేదు, అసలు ఎవరూ అడగలేదు. అదే ఎక్కువ మండింది.

గురువారం ఆవిడ మధ్యాహ్నం పూట బండి దిగి సంతకి వెళ్ళింది. ఆ సంతలో దొరకని వస్తువంటూ లేదు. కారు ఇంజను నుంచి కట్టుడు పళ్ళ దాకా ఎవరో వాడి వదిలేసినవన్నీ నేలమీద పట్టాలు పరిచి అమ్ముతారు. పాత బొమ్మల వరసలో సాతుర్నినా ప్లాస్టిక్ ఇటుకలు అమ్ముతుంది, ఒకదానిలో ఒకటి దిగే రంగురంగుల ముక్కలు. ఏ పెట్టెలోవి ఏ పెట్టెలోకి కలిశాయో దేవుడికే తెలియాలి. గోనెలోంచి చేటతో తీసి తూకానికి ఇస్తుంది.

"మనవడికా వదినా?" అంది సాతుర్నినా.

"మొగుడికి."

"మంచిదే. ఏ వయసు ముచ్చట ఆ వయసులో తీరకపోతే ఇలాగే అవుతుంది."

"వేళ్ళకి వదినా. ఆరోగ్య కేంద్రంలో వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. ఇవి నొక్కడం, ఊడదియ్యడం చేస్తే చెయ్యి తిరుగుతుందట."

సాతుర్నినా నవ్వు మానేసి మరో చేట వేసింది. తర్వాత వెనకనున్న డబ్బాలో చెయ్యిపెట్టి బూడిదరంగు మోటార్లు రెండు, బ్యాటరీల పెట్టె, తీగలు, రిమోటు మాటవినే చిన్న కన్నొకటి, రెండు లివర్ల రిమోటు తీసి సంచిలో పడేసింది. "ఏదో పెద్ద బొమ్మ విరిగితే వచ్చాయి. పట్టుకుపో. పనిచేస్తే నా పేరు చెప్పుకో. చెయ్యకపోతే నా పేరెత్తకు."

ఇంట్లో నికనోర్ ఆ సంచి చూసి మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడతని మాట నములుతున్నట్టు వస్తుంది. ఆ మాటలు తెలిసేది బాసిలియా ఒక్కదానికే, అందుకని మిగతావాళ్ళ ముందు అతను మాట్లాడ్డమే మానేశాడు.

"ఇదేం పిల్లలాట."

"పిల్లలకైతే రంగులు చూసి కొనేదాన్ని. చెయ్యి ఇటివ్వు."

ఒక ఎర్ర ఇటుక అతని కుడిచేతిలో పెట్టింది. వేళ్ళు దాన్ని నెమ్మదిగా చుట్టుకున్నాయి. చుట్టుకుని అలాగే ఉండిపోయాయి. పట్టుకోవడం వచ్చింది గాని వదలడం ఇంకా రాలేదు. వ్యాయామం అమ్మాయి అంతేనంది, పట్టు ముందొస్తుంది, వదలడం తర్వాత. బాసిలియా చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వేలూ విప్పి ఇటుక బయటికి తీసింది. రెండోది పెట్టబోతే ఎడం చేత్తో సంచిని ఒక్క తోపు తోశాడు. ముక్కలు మంచం కిందకీ పొయ్యి దాకా పారాయి.

ఆవిడ నడుం పట్టుకుని వంగి, మోకాళ్ళమీద పాకి అన్నీ ఏరింది. ఏరినవి బల్లమీద పోసుకుంది. కొన్ని మామూలు ఇటుకలు, కొన్ని వరసగా చిల్లులున్న పొడుగు పట్టీలు, కడ్డీలు, పళ్ళచక్రాలు, రబ్బరు టైర్లు. చేతులు ఊరికే పెట్టుకునే అలవాటు లేని మనిషి. పట్టీలు రెండు సమానంగా పెట్టి వాటి చిల్లుల్లోంచి కడ్డీ దూర్చింది, కడ్డీకి చెరో చివర టైరు. ముందువైపు ఇంకో కడ్డీ, ఇంకో రెండు టైర్లు. మోటారుని పట్టీల మధ్య ఇరికించి, మోటారుకి పెద్ద పళ్ళచక్రం, వెనక కడ్డీకి చిన్నది తగిలించింది. బ్యాటరీలు వేసి మీట నొక్కితే టైర్లు గిర్రున తిరిగాయి.

"వెనక్కి పోతోంది," అన్నాడు నికనోర్.

ఆ రోజు అతను తనంతట తాను అన్న మొదటి మాట అది. బాసిలియా తలెత్తలేదు. తలెత్తితే మానేస్తాడని భయం.

"వెనక్కే పోనీ. పోతోందిగా."

"మీట రెండోవైపుకి తిప్పి నేలమీద పెట్టు."

పెట్టింది. బండి గది మధ్యలోంచి రయ్యిమని పోయి గడప దగ్గర ముక్కు ఆనించి ఆగిపోయింది. చక్రాలు గింజుకుంటున్నాయి గాని గడప ఎక్కడం లేదు.

"టాప్ గేర్లో కొండెక్కిస్తున్నావు," అన్నాడు. "మోటారుకి చిన్న పళ్ళది. చక్రానికి పెద్దది. మెల్లిగా పోతుంది, కాని ఎక్కుతుంది."

ఆవిడ విప్పి మళ్ళీ బిగించింది. ఈసారి గడప దగ్గర కటకటమని చప్పుడొచ్చింది. పళ్ళు ఒకదానిమీద ఒకటి జారుతున్నాయి. బరువు పడితే పట్టీలు విచ్చుకుంటున్నాయన్నాడు అతను. అడ్డంగా ఇంకో పట్టీ వేసి రెండువైపులా బిగించమన్నాడు. కడ్డీ పక్కకి జారకుండా ఇరుపక్కలా చిన్న గొట్టాలు తొడగమన్నాడు. బండి మూలుగుతూ ముక్కు పైకెత్తి గడప దాటింది. అవతల వాన నీళ్ళలో పడబోతుంటే బాసిలియా పట్టుకుంది.

"నేను సేహా ఘాటు రోడ్డు మీద రోజూ చేసే పనే అది," అన్నాడు నికనోర్. అని కాసేపు గోడవైపు చూశాడు. "చేసేవాణ్ణి."

శుక్రవారం, శనివారం ఇదే వరస. పొద్దున గ్రోవర్ బండిమీద అరిచి, మధ్యాహ్నానికి దిగి, అన్నం పడేసి, బల్ల దగ్గర కూర్చోవడం. ఒళ్ళు హూనమయ్యేది, అయినా కూర్చునేది. ముందు చక్రాలు తిప్పడానికి రెండో మోటారు పెట్టారు. దాని కొసన చిన్న పళ్ళచక్రం, కింద పళ్ళున్న పట్టీ. పట్టీ అటూ ఇటూ జరిగితే చక్రాలు తిరుగుతాయి. మొదట లివరు కుడికి నొక్కితే బండి ఎడమకి పోయింది. రిమోటు మీది బుల్లి మీట మారిస్తే ఆ రోగం కుదిరింది.

తిరగడం తిరిగింది గాని మలుపులో బండి ఈడ్చుకుంటూ వచ్చింది, టైరు నేలకి రాసుకుని కీచుమంది.

"డిఫరెన్షియల్ కావాలి," అన్నాడు నికనోర్. "మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ. రెండిటినీ ఒకే కడ్డీకి కట్టావు. ఒకటి రెండోదాన్ని ఈడ్చుకుపోతోంది."

"మన సంసారంలాగా."

"ఎవరు ఈడుస్తున్నారో మాత్రం చెప్పకు."

ముప్పై ఏళ్ళ కాపురంలో వెనక చక్రాలకి అదొకటుందని అతను ఆవిడకి చెప్పలేదు. ఆవిడా అడగలేదు. లైసెన్సు వచ్చాక కూడా బండి కడగడానికి ముందుకీ వెనక్కీ జరపనిచ్చేవాడు, అంతే. ఆదివారం సంతలో సాతుర్నినా డబ్బా అంతా కింద పోసి వెతికితే అది దొరికింది, లోపల మూడు వంపు పళ్ళచక్రాలున్న బుల్లి గూడు. "ఇదెందుకో నీకు తెలుసా వదినా?" అంది సాతుర్నినా. బాసిలియా చెప్పింది. మలుపూ, బయటి చక్రమూ, లోపలి చక్రమూ అన్నీ చెప్పింది. చెబుతుంటే తన గొంతు గీరుకోలేదని తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం పైకప్పు వేసింది. తెల్ల ఇటుకలు వెతికి వెతికి ఏరి గోడలు కట్టింది. నడుం దగ్గరికి వచ్చేసరికి తెల్లవి అయిపోయాయి. నీలం వరస ఒకటి పెట్టి చూస్తే అది అచ్చు వాళ్ళ బండే. అలా చెయ్యాలని ఆవిడ అనుకోలేదు. రోజూ చూసే బండి కదా, చేతికి అదే వచ్చింది.

మర్నాడు బయటికి తీసుకెళ్ళి నడిపారు. పెరట్లో ఎండకి రిమోటు మాట బండికి వినపడలేదు. ఎత్తు ఊరి ఎండ కళ్ళు పొడుస్తుంది, ఆ బుల్లి కన్ను ఏం చూస్తుంది. బాసిలియా తన గుండ్రటోపీ తీసి బండి మీద నీడ పట్టింది. అప్పుడు కదిలింది. నాలుగడుగులు పోగానే టోపీ నీడ దాటి మళ్ళీ ఆగింది. నికనోర్ నవ్వాడు. సగం మొహమే నవ్వింది, అయినా నవ్వే.

చివరికి గోడ నీడలో బెంచీ వేసుకుని కూర్చున్నారు. ఎడమ లివరు బండిని ముందుకీ వెనక్కీ తోలుతుంది, కుడిది చక్రాలు తిప్పుతుంది. అతని కుడిచెయ్యి పనిచెయ్యదు. అందుకని రిమోటు ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు. ఎడమ లివరు అతనిది, కుడిది ఆవిడది. ముక్కు ఎదురుగా బకెట్టు వస్తే ఆవిడ ముందే వెడల్పుగా తిప్పుకుని, వెనక చక్రం బకెట్టుకి తగలకుండా పక్కనుంచి తెచ్చేసింది.

"ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు.

"రోజూ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక చక్రం చూసేది ఎవరు? నువ్వా?"

అతను లివరు వదిలేశాడు. కొంచెంసేపయ్యాక మళ్ళీ పట్టుకున్నాడు.

కొత్త బండి అన్నాక దానికి పూజ చెయ్యాలన్నాడు నికనోర్. మద్యం చల్లి, కాగితం పూలు కట్టి, భూమితల్లికి నాలుగు చుక్కలు వదలందే ఆ ఊళ్ళో ఏ బండీ రోడ్డెక్కదు. ఇది బొమ్మే కదా అంటే ఒప్పుకోలేదు. ఎడం చేత్తో సీసా వంచాడు. ముక్కు మీద నాలుగు చుక్కలు పడాల్సింది, చెయ్యి వణికి పైకప్పులోంచి గబగబా పోసేశాడు. బ్యాటరీల పెట్టెలో బుడగలొచ్చాయి. మోటారు ఒక్కసారి ఊఁ అని మూలిగి ఊరుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బాసిలియా తిట్టబోయి అతని మొహం చూసి, ఇటుక ఇటుకా విప్పి, మోటార్లు గుడ్డతో తుడిచి రేకు కప్పుమీద ఎండేసింది. రెండు రోజులు వాన మబ్బు చూస్తూ దించడం, ఎక్కించడం. ఆరేసిన బట్టలకి కూడా ఆవిడ ఎన్నడూ అంత కాపలా కాయలేదు. మూడోనాడు మళ్ళీ కడితే బండి కదిలింది. సారా వాసన మాత్రం పోలేదు.

"డ్రైవర్లకి ఉండే వాసనే," అంది బాసిలియా.

అదే సాయంత్రం గ్రోవర్ బండి పెట్టడానికి వచ్చాడు. బుల్లి బండి గడప ఎక్కి దిగుతుంటే గుమ్మంలో నిలబడిపోయాడు.

"బాబాయ్, ఇది మన బండే కదా. చారతో సహా." వంగి చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు. "అలసీతాస్ వచ్చేస్తోంది. ఆ రోజు దీన్ని నా చేతిలో పెట్టు బాబాయ్."

బాసిలియా పొయ్యి దగ్గర గరిటె ఆపింది.

అలసీతాస్ పండగనాడు ఎవరికేది కావాలో దాని బుల్లిరూపం అందుకుంటారు. ఇల్లు కావాలంటే అరచేతంత ఇల్లు, చదువు కావాలంటే అగ్గిపెట్టెంత పట్టా. మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని పొగలో దీవింపజేస్తే ఏడాది తిరిగేలోగా అసలుది చేతికొస్తుంది. కాని ఎవరికి వాళ్ళు తీసుకుంటే ఫలం లేదు, మరొకరు ఇవ్వాలి. ఇక బండి గలాయనే తన బండి బొమ్మని ఎవరి చేతిలోనైనా పెడితే అది కోరిక కూడా కాదు, మాట ఇచ్చినట్టే. బండి వాళ్ళదే ఆ రోజు నుంచి.

నికనోర్ మొహం ఎటూ తిప్పలేదు. తల ఊపాడు.

గ్రోవర్ ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాక బాసిలియా వచ్చి అతని ఎదురుగా నిలబడింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. వారం రోజులు వేళ్ళు అరిగేలా కట్టింది తను. కట్టి కట్టి తన బండిని తనే గ్రోవర్ చేతిలో పెట్టేలా చేసుకుంది.

"నాకు లైసెన్సు ఉంది."

"తెలుసు."

"మరి?"

"నీ గొంతు చూసుకున్నావా? పిల్లి గీరినట్టుంది. చాలు. వాడు తోలుకుంటాడు, నువ్వు ఇంట్లో ఉండు."

"గొంతుతో తోలుతారా బండి?"

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నన్ను అడిగావా? ఒక్కసారన్నా అడిగావా, ఏమే, నువ్వు తోలతావా అని?"

"నువ్వు అడిగావా?"

అది నిజమే. ఆవిడకి కోపం ఇంకా పెరిగింది. "ఇప్పుడు అడుగుతున్నాను."

"మాట ఇచ్చేశాను."

"తల ఊపావు."

"నా మాట ఇంక అంతే కదే," అన్నాడు నికనోర్.

ఆవిడ బల్ల దగ్గర కూలబడి బొమ్మని దగ్గరికి లాక్కుంది. విప్పి పారేస్తే ఇచ్చేందుకు ఏమీ ఉండదు. నీలం వరసలో చివరి ఇటుక గోటితో లేపింది. రెండోది లేపింది. బయట ఎవరింట్లోనో టీవీ మోగుతోంది. ఎంతోసేపు ఆ రెండు ఇటుకలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. కట్టిన చెయ్యి విప్పనివ్వలేదు. రెండూ తిరిగి నొక్కేసి లేచి వెళ్ళి పడుకుంది. పోట్లాడ్డానికైనా ఓపిక ఉండాలి కదా.

పండగనాడు సంత వీధుల్లో ఇసకేస్తే రాలని జనం. యాతిరి, అంటే పొగవేసి దీవించే పెద్దాయన, మెట్ల పక్కన నిప్పుల కుండ పెట్టుకుని కూర్చున్నాడు. వరసలో వాళ్ళ ముందున్న దంపతులు వేలెడు ఇల్లు పట్టుకున్నారు, దానికి వేలెడు కుక్క కూడా ఉంది. గ్రోవర్ కొత్త కోటు వేసుకొచ్చాడు. నికనోర్‌ని ఒకవైపు అతను, ఒకవైపు బాసిలియా పట్టుకుని నడిపించారు. బొమ్మ బాసిలియా చేతిలోనే ఉంది. పొద్దున దాని చక్రాలు తుడిచింది కూడా. ఇచ్చేదేదో శుభ్రంగా ఇవ్వాలి, అలా పెరిగిన మనిషి.

"ఇచ్చేదెవరు?" అన్నాడు యాతిరి.

గ్రోవర్ బాబాయిని చూపించాడు.

"కుడిచేత్తో ఇవ్వు నాయనా. ఎడం చెయ్యి పనికిరాదు."

బాసిలియా బొమ్మని మొగుడి కుడిచేతిలో పెట్టింది. వేళ్ళు దాన్ని మెల్లిగా చుట్టుకున్నాయి. యాతిరి నిప్పుల మీద సాంబ్రాణి వేశాడు, పొగ లేచింది. గుడిగంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. గ్రోవర్ రెండు చేతులూ దోసిలిపట్టి ముందుకి చాచాడు. నికనోర్ చెయ్యి ఆ దోసిలి మీదకి వచ్చింది.

వచ్చి, ఆగింది.

"వదులు బాబాయ్."

నికనోర్ చేతివంకే చూస్తున్నాడు. నుదుట చెమట పట్టింది. వేళ్ళు బిగుసుకున్నాయి, గోళ్ళు తెల్లబడ్డాయి. గంట మోగుతూనే ఉంది.

"పిన్నీ, వేళ్ళు విప్పు. నీకు అలవాటేగా."

బాసిలియా కదల్లేదు. విప్పడానికి చేతులు లేపాలని కూడా అనిపించలేదు ఆవిడకి.

గ్రోవరే లాగాడు. పైకప్పు ఊడి అతని చేతిలోకి వచ్చింది. మిగతా బండి నికనోర్ గుప్పిట్లోనే ఉండిపోయింది.

"లాక్కుంటే లెక్కలోకి రాదు నాయనా," అన్నాడు యాతిరి విసుగ్గా. "ఇస్తేనే. గంట అయిపోయింది, వెనక జనం ఉన్నారు, జరగండి."

గ్రోవర్ మొహం మాడ్చుకున్నాడు. పైకప్పు బాసిలియా చేతిలో పెట్టి, "రోగం మనిషి, ఏం చేస్తాం. ఆ చెయ్యి వదిలాక ఇంటికొచ్చి తీసుకుంటాలే," అని జనంలో కలిసిపోయాడు.

ఆవిడ మొగుణ్ణి ఓ అరుగు మీద కూర్చోబెట్టి, వేడి మొక్కజొన్న జావ రెండు గ్లాసులు తెచ్చింది. ఏదో దాటిపోయిందని తెలుస్తోంది గాని సంతోషం రాలేదు. రోగం చేసిన మేలుకి సంతోషం ఏమిటి. రేపు ఆ రోగం తగ్గితే బండి పోతుంది. గ్లాసు కింద పెట్టి, అలవాటుగా అతని చిటికెన వేలు పట్టుకుంది.

"ఆగు," అన్నాడు నికనోర్.

చిటికెన వేలు దానంతట అది లేచింది. దాని వెనక ఉంగరం వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. బొటనవేలు కాస్త మొరాయించి అదీ లేచింది. విచ్చిన అరచేతిలో కప్పులేని బండి ఉంది.

బాసిలియా వంగి ఆ చెయ్యి చూసింది.

"ఎప్పట్నించి వస్తోంది?"

"వారమైంది."

"చెప్పలేదేం?"

"నువ్వు విప్పుతున్నావుగా," అన్నాడతను. "బాగుండేది."

ఆవిడకి ఏడుపొచ్చింది. జనంలో ఏడవడం ఇష్టంలేక జావ తాగింది, నోరు కాలింది.

"మరి మాటిచ్చానన్నావు."

"ఇచ్చాను. వాడు దోసిలిపట్టి నిలబడ్డాడు. నీ మొహం చూశాను. నాకు వదలడం చేతకాలేదు, ఇవ్వనని చెప్పడం కూడా." చెయ్యి ఆవిడ ఒళ్ళోకి జరిపాడు. "తీసుకో."

"పన్నెండు దాటింది."

"మనకేది టైముకొచ్చింది గనక."

ఆవిడ తీసుకుంది. పైకప్పు దానిమీద పెట్టి, నాలుగు మూలలా నొక్కింది. "నేను స్టీరింగు పడితే తలుపు దగ్గర ఎవరుంటారు?"

"నేను."

"నీ మాట ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుందిగా."

"నేను ఎక్కేదాన్ని కాదయ్యా, తోలేదాన్ని."

గ్రోవర్ ఆ సాయంత్రమే వచ్చాడు. నికనోర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కుడి అరచెయ్యి చాచాడు. "తాళాలు," అన్నాడు. గ్రోవర్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక పిన్నేమిటి, ఘాటేమిటి, ఆ ఎత్తులో బ్రేకు పడకపోతే పదిమంది ఉసురు ఎవరికి తగులుతుందని చాలా అన్నాడు. వాళ్ళ నాన్నకి చెబుతానన్నాడు. నికనోర్ చెయ్యి అలాగే చాచి ఉంచాడు. చివరికి తాళాలు అందులో పడ్డాయి.

పొద్దున్నే మంచులో బాసిలియా ఇంజను వేడెక్కించి, సీటు ముందుకి జరుపుకుని, వీపు వెనక దిండు పెట్టుకుంది. కాళ్ళకి పెడళ్ళు అందాయి. రియో సేకోలో బండి వరసలో పెట్టింది. పక్క బండి డ్రైవరు కిటికీ దించి చూసి, మళ్ళీ ఎత్తేసుకున్నాడు. నికనోర్ మడత సీటు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"సే... సేయ..."

సంచులు మోస్తున్న ఒకామె ఆగింది. "ఎక్కడికి పోతుంది?"

అతను మళ్ళీ అన్నాడు. నోట్లోనే నలిగిపోయింది.

"ఏంటి? వినపడ్డం లేదు."

బాసిలియా గొంతు దాకా వచ్చింది ఆ మాట. ఇన్నేళ్ళుగా వెయ్యిసార్లు కాదు, లక్షసార్లు అరిచిన మాట. పళ్ళు బిగబట్టి, స్టీరింగు మీదున్న చేతులు చూస్తూ కూర్చుంది. వెనక ఏదో బండి హారను కొట్టింది. సంచులామె ఒక కాలు అవతలి బండివైపు వేసింది.

"సే-హా," అన్నాడు నికనోర్. "పేరెస్."

"సేహానా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా." ఆమె సంచులు లోపలికి తోసి, మూలుగుతూ ఎక్కి కూర్చుంది.

"ఒకళ్ళు ఎక్కారు," అన్నాడు నికనోర్.

"బండంతా ఖాళీగానే ఉంది," అంది బాసిలియా. "పిలువు."